కాపలా అప్పగించి నిద్రపోవచ్చునా?

మా వెస్ట్ మాంబళం వీధిలో ఒకప్పుడు గూర్ఖా ఉండేవాడు. రాత్రి ఒంటిగంటకో రెండింటికో ఈల ఊదుతూ, చేతికర్ర నేలకి తాటిస్తూ వీధి ఈ చివర నించి ఆ చివరకి నడిచేవాడు. ఆ చప్పుడు సగం నిద్రలో చెవిన పడితే చాలు, అటు ఒత్తిగిలి మళ్ళీ నిద్రలోకి జారుకునేవాళ్ళం. నెల మొదట్లో గుమ్మం ముందు నిలబడి సలాం కొట్టేవాడు. ఇంటికింతని ఇచ్చేవాళ్ళం. అతని పేరేమిటో వీధిలో ఎవరికీ తెలియదు. ఒక నెల అతను రాలేదు. డబ్బు అడగడానికి రాకపోయాక గాని, పది పదిహేను రోజులుగా ఈల కూడా వినబడటం లేదన్న సంగతి మాకు తట్టలేదు. ఆ పదిహేను రోజులూ మేము హాయిగానే నిద్రపోయాం.

ఈ సంగతి చాలా ఏళ్ళు మరిచిపోయాను. 2018 వేసవిలో మా ఇంటి కంప్యూటర్ దాన్ని గుర్తు చేసింది.

నేను యంత్రాల మనిషిని కాను. ఆఫీసులో ఫైళ్ళ మధ్య ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. మా అబ్బాయి బెంగుళూరు నించి వచ్చినప్పుడు విండోస్ 7 ఉన్న తన పాత కంప్యూటర్‌ని మాకు ఇచ్చి, అందులో ఒక యాంటీవైరస్ వేసి, ప్రతి ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకి మొత్తం యంత్రాన్ని అదే సోదా చేసుకునేటట్టు ఏర్పాటు చేశాడు. “ఇక నువ్వేం చూసుకోనక్కర్లేదు నాన్నా” అన్నాడు. ఆ మాట నాకెంతో నచ్చింది. ఎంత నచ్చిందంటే, మా తెలుగు సభలో కంప్యూటర్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా “మా దానికి కాపలా ఉందండీ, వారం వారం అదే చూసుకుంటుంది” అని చెప్పుకునేవాణ్ణి.

ఆ ఏడాది సభ సంచికకి అచ్చుతప్పులు దిద్దే పని నా మీద పడింది. ఉత్తర చెన్నైలో ఉండే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, అప్పటికే ఎనభై దాటినవారు, తమ అమ్మగారు, మేనత్తలు పాడిన పాటలు అరవై మూడు కూర్చి పెట్టారు. తిరగలి పాటలు, జోలపాటలు, అప్పగింతల పాటలు. తరాల కిందట తమిళదేశానికి వచ్చి స్థిరపడిన ఇళ్ళ తెలుగు అది. ఆ మాటల్లో కొన్ని ఆంధ్ర దేశంలోనే ఇప్పుడు వినబడవు. మనవడి కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రెండేళ్ళు టైపు చేశారు. కంప్యూటర్ మనవడిది గనక తన పని అంతా ఒక పెన్‌డ్రైవ్ మీదే దాచుకునేవారు. ఆ పెన్‌డ్రైవ్ నాకిచ్చారు. మా యంత్రంలో పెట్టి, ఇరవై రెండు పాటలు కాగితం మీద అచ్చు తీసుకుని, మిగతావి తర్వాత చూద్దామని తిరిగి ఇచ్చేశాను.

మూడో రోజు ఫోన్ వచ్చింది. “బాబూ, మీరిచ్చిన పెన్‌డ్రైవ్ పెడితే అందులో ఉన్నవన్నీ మూల బాణం గుర్తు వేసుకుని కూర్చున్నాయి. ఏది నొక్కినా తెరుచుకోవటం లేదు” అన్నారు. మనవడు పక్క వీధిలో రిపేరు చేసే కుర్రవాణ్ణి పిలిపించాడు. అతను చూసి, వైరస్ అన్నాడు. కంప్యూటర్‌నీ, పెన్‌డ్రైవ్‌నీ కూడా ఫార్మాట్ చేసి, అద్దంలా తుడిచి ఇచ్చి వెళ్ళాడు.

అది ఎటువంటి వైరసో నాకు తర్వాత తెలిసింది. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఒకతను చెప్పాడు. అది దేన్నీ చెరపదట. ఉన్న ఫైళ్ళని కంటికి కనబడకుండా దాచి, వాటి స్థానంలో ఉత్త గుర్తులు పెడుతుంది. ఆ గుర్తు నొక్కితే అది తన పని చేసుకుని ఇంకో యంత్రానికి పాకుతుంది. దాగినవాటిని చూపించమని అడిగితే పాటలన్నీ ఉన్నచోటే ఉండేవి. వైరస్ దాచిందే గాని పారెయ్యలేదు. పారేసింది మన కంగారు.

ఆ రాత్రి నేను మా యాంటీవైరస్‌ని మొదటిసారి తెరిచి చూశాను. చివరిసారి సోదా జరిగిన తేదీ అందులో ఉంది. దానికి ఏడాదీ నాలుగు నెలలు నిండాయి. కారణం వెతికితే నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. కరెంటు దండగని, ఉరుములంటే భయమని మా ఇంట్లో రాత్రి పడుకునే ముందు కంప్యూటర్ ప్లగ్గు తీసేస్తారు. రెండు గంటలకి కాపలా కాయవలసిన వాడు ఆ వేళకి మేలుకునే లేడు! తప్పిపోయిన సోదాని మర్నాడు యంత్రం తెరవగానే చెయ్యమని చెప్పే ఏర్పాటు కూడా ఉంటుందట. ఆ గడిలో టిక్కు పెట్టాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. పైగా ఆ యాంటీవైరస్ చందా గడువు దాటి ఎనిమిది నెలలైంది. పోలీసు స్టేషన్ గోడ మీద పాత దొంగల ఫొటోలు ఉన్నట్టు, దానికి ఎనిమిది నెలల కిందటి వైరస్‌లే తెలుసు. గడువు దాటిందని తెర మూల చిన్న పెట్టె వచ్చి చెబుతూనే ఉంది. వచ్చినప్పుడల్లా నేను ‘తర్వాత’ అన్న చోట నొక్కాను.

తప్పు ఎవరిది? మా అబ్బాయి “నీ తప్పేముంది నాన్నా, మనం పెట్టాం, అది పని చెయ్యలేదు” అన్నాడు. మాస్టారి మనవడు ఆ వైరస్ రాసినవాణ్ణి తిట్టాడు. రిపేరు కుర్రవాడు, తనని వైరస్ తీసెయ్యమన్నారు, తీసేశానన్నాడు. మాస్టారు ఎవరినీ ఏమీ అనలేదు. “మీ కంప్యూటర్‌కి కాపలా ఉందన్నారు కదా బాబూ, అందుకే నిశ్చింతగా ఇచ్చాను” అన్నారంతే. అప్పటి నించి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. చెయ్యవలసిన పనిని ఒక యంత్రానికి అప్పగించి, ఆ యంత్రం చేసిందో లేదో చూడనివాడు తప్పు చేసినవాడా, మోసపోయినవాడా?

మోసపోయినవాడేననే వాదానికి బలం లేకపోలేదు. పట్నంలో బతకడమంటేనే పదిమందిని నమ్మడం. పాలు నీళ్ళా పాలా అని పరీక్షించి తాగం. సిగ్నల్ వేసేవాడు మేలుకుని ఉన్నాడా అని చూసి రైలెక్కం. ప్రతిదీ నేనే చూసుకోవాలంటే తెల్లవారిన దగ్గర నించి చూసుకోవడమే సరిపోతుంది, బతకడానికి తీరిక ఉండదు. పైగా వారం వారం ఫలానా వేళకి చెయ్యమని యంత్రానికి పురమాయించడంలో ఒక వినయం కూడా ఉంది. నేను మరిచిపోయేవాణ్ణని నాకు తెలుసు గనకనే కదా ఆ ఏర్పాటు!

ఎదుటివాడు కూడా వేళ చూసుకునే వస్తాడు. పాత వైరస్‌ల కథ చదివితే ముహూర్తాలు పెట్టుకున్నవే కనబడతాయి. 1992లో లోకాన్ని హడలెత్తించిన మైకెలాంజిలో అన్నది ఏటా మార్చి 6న మేలుకునేది. 1999 ఏప్రిల్ 26న, చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీనే, సి.ఐ.హెచ్. అనే వైరస్ ఎన్నో దేశాల్లో కంప్యూటర్లని పనికిరాకుండా చేసింది. తైవాన్‌లో ఒక కాలేజీ కుర్రవాడు రాసిన వైరస్ అది. దొంగ క్యాలెండరు చూసుకుంటున్నప్పుడు కాపలావాడు చూసుకోకపోతే ఎలా? మన ఊళ్ళోనే 1990ల మొదట్లో కె7 కంప్యూటింగ్ అనే సంస్థ పుట్టి యాంటీవైరస్‌లు తయారుచేయడం మొదలుపెట్టింది. అంటే చెన్నైవాళ్ళకి ఇదేమీ కొత్త భయం కాదు, కొత్త మందూ కాదు.

మరి ఇంకో వైపు? పోయింది నా పాటలే అయితే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాను. నా సొమ్ముకి నేను కాపలా పెట్టుకోకపోతే అది నా తెలివితక్కువ. కాని వైరస్ అన్నది సొంత ఆస్తి లాంటిది కాదు, దోమ లాంటిది. వానాకాలంలో కార్పొరేషన్ వాళ్ళు వచ్చి మన పూలకుండీల కింద పళ్ళేలు, మేడ మీద పాత టైర్లు వెతుకుతారు. ‘నా ఇల్లు, నా కుండీ’ అంటే ఊరుకోరు. నా కుండీలో పుట్టిన దోమ పక్కింటి పసివాణ్ణి కుడుతుంది గనక. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ బయల్దేరి నూట యాభై దేశాల్లో రెండు లక్షలకి పైగా కంప్యూటర్లకి తాళాలు వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఇంగ్లండులో ఆసుపత్రులు వేలకొద్దీ రోగులకి ఇచ్చిన తేదీలు రద్దు చేశాయి. అది దూరే కంతని పూడ్చే మందుని మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, విడుదల చేసింది. వేసుకోనివాళ్ళు ‘తర్వాత’ అనుకున్నారు. బాధ పడినవాళ్ళు ఆసుపత్రి బల్ల మీద ఉన్నారు. ‘తర్వాత’ అన్న నొక్కుడు ఎంత తేలికో, దాని ఫలితం ఎవరి నెత్తిన పడుతుందో అనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కర్లేదు.

యజ్ఞం చేయించే యజమాని సంగతి చూడండి. హోమం చేసేది ఋత్విక్కులు, మంత్రం చదివేది వాళ్ళు. అయినా ఫలం యజమానిదే అంటారు మీమాంసకులు. సంకల్పం అతనిది గనక. నా కాపలా ఫలాన్ని నేను అలాగే అనుభవించాను కదా. నిశ్చింతగా పడుకున్నాను. సభలో నలుగురిలో గొప్ప చెప్పుకున్నాను. మాస్టారి నమ్మకం సంపాదించాను. ఫలం నాదైనప్పుడు లోపం మటుకు యంత్రానిది అనడం ఏ న్యాయం?

ఇక్కడ చదువుకున్న పాఠకులు ఒక చిక్కు ప్రశ్న వేస్తారు. నిజమేనయ్యా, ఆ కాపలా సరిగ్గా జరిగే ఉన్నా పాటలు దక్కేవని ఏమిటి నమ్మకం? ప్రశ్న న్యాయమైనదే. ఫ్రెడ్ కోహెన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1980లలోనే, ఏ వైరస్‌నైనా తప్పకుండా పట్టుకునే ప్రోగ్రాము అసలు సాధ్యం కాదని గణితం ప్రకారం నిరూపించాడు. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన కెన్ థాంప్సన్ 1984లో అచ్చయిన ఒక ప్రసంగంలో ఇంకో అడుగు ముందుకి వేశాడు. ప్రోగ్రామునే కాక, ఆ ప్రోగ్రాముని తయారుచేసే పనిముట్టుని కూడా నమ్మలేమని, నీ చేత్తో పూర్తిగా నువ్వు రాయనిదాన్ని నమ్మడానికి ఆధారం లేదని చూపించాడు. కాపలావాడే ఇల్లు కూల్చిన సందర్భమూ ఉంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సంస్థ పంపిన ఒక తప్పు ఫైలు వల్ల సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలిరంగు తెర వేసుకుని నిలిచిపోయాయి. అది దొంగ పని కాదు, కావలివాడి పొరపాటు. ఆ రోజు మన విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు.

కాపలావాడికి ఒక కాపలా, ఆ కాపలాకి ఇంకో కాపలా అంటూ పోతే అంతు లేదు. పూర్తి రక్షణ ఎవరి వల్లా కాదు. కానిదాన్ని చెయ్యలేదని ఎవరినీ తప్పు పట్టకూడదు. ఇక్కడిదాకా ఒప్పుకుంటాను. అయితే నా మీద ఉన్న ఆరోపణ మాస్టారి పాటలని రక్షించలేకపోయానని కాదు. కాపలా ఉందో లేదో నాకు తెలియకుండానే ఉందని చెప్పానని. మొదటిది శక్తికి సంబంధించింది, రెండోది సత్యానికి సంబంధించింది. చివరి సోదా జరిగిన తేదీ చూడటానికి ఇంజనీరు కానక్కర్లేదు. అర నిమిషం పని. ఆ అర నిమిషం నేను ఏడాదీ నాలుగు నెలలు వెచ్చించలేదు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. కాని నిజమో కాదో కనుక్కోకుండా నిజమని చెప్పేవాడికీ అబద్ధం చెప్పేవాడికీ మధ్య దూరం నేననుకున్నంత లేదు.

మాస్టారు కూర్చిన పాటల్లో అప్పగింతల పాటలు తొమ్మిది ఉండేవి. వాటి గురించి ఆలోచిస్తుంటే ఆ మాటే నాకు దారి చూపించింది. మన పెళ్ళిళ్ళలో పిల్లని అత్తవారికి అప్పగిస్తారు. అప్పగించిన తల్లి అంతటితో పిల్లని మరిచిపోతుందా? సారె పంపుతుంది. ఆషాఢానికి తీసుకువస్తుంది. వచ్చేపోయే వాళ్ళని పట్టుకుని పిల్ల ఎలా ఉంది, చిక్కిందా, నవ్వుతోందా అని కనుక్కుంటుంది. పెత్తనం చెయ్యదు, కాని కన్ను తీసెయ్యదు. మన భాషలో అప్పగించడం వేరు, వదిలెయ్యడం వేరు. నేను నా పనిని యంత్రానికి అప్పగించానని అనుకున్నాను. నిజానికి వదిలేశాను. గూర్ఖా విషయంలోనూ జరిగింది అదే.

మా అమ్మ ఏదన్నా మరిచిపోకుండా ఉండాలంటే చీర చెంగున ముడి వేసుకునేది. ముడి ఏ పనీ చెయ్యదు. చేతికి తగిలి, చెయ్యమని గుర్తు చేస్తుంది. మా అబ్బాయి పెట్టిన ఏర్పాటు సరిగ్గా దానికి తిరగేసిన తంతు. పని చేస్తుంది, గుర్తు చెయ్యదు. ఎవరూ లేని వేళ, ఎవరికీ తగలకుండా, ఎవరికీ విసుగు పుట్టకుండా జరిగిపోవాలనే కదా తెల్లవారుజామున రెండు గంటలు! అందరూ చెప్పే సలహా కూడా అదే, మీరు వాడని వేళ చూసి పెట్టుకోండని. ఆ సలహాలో సౌకర్యం ఉంది. కాని ఎవరికీ తగలని పని ఆగిపోయినా ఎవరికీ తగలదు.

అందుకని నేనిప్పుడు వేళ మార్చాను. ఆ పాత యంత్రం పోయి కొత్తది వచ్చింది. ఇప్పటి విండోస్‌లో యాంటీవైరస్ దానితోనే వస్తుంది, రోజూ తనంతట తాను చాలా మటుకు చూసుకుంటుంది. అయినా పూర్తి సోదా మటుకు ఆదివారం ఉదయం పది గంటలకి పెట్టుకున్నాను, కాఫీ తాగి నేను దాని ముందు కూర్చునే వేళకి. యంత్రం నత్తనడక నడుస్తుంది. ఫంకా రొద పెడుతుంది. నాకు విసుగొస్తుంది. ఆ విసుగే నా చెంగు ముడి. అయిపోయాక తేదీ చూసి, గోడ మీద క్యాలెండరులో పెన్సిలుతో గీత పెడతాను. మా ఆవిడ నవ్వుతుంది, “యంత్రం రాసుకుంటుందిగా, మళ్ళీ మీరెందుకు రాయడం?” అని. యంత్రం తను చేసిన సంగతి రాసుకుంటుంది, నేను చూసిన సంగతి రాసుకుంటున్నానని చెప్పాను.

ఈ పత్రిక చదివేవాళ్ళకి ఒక మాట విన్నవించుకోవాలి. మనం తమిళదేశంలో ఉండి తెలుగుని కాపాడుకుంటున్నామని చెప్పుకుంటాం. ఏటా ఉగాదికి పచ్చడి పంచుతాం, పంచాంగం చదివిస్తాం, ఒక ఉపన్యాసం పెట్టిస్తాం. ఫొటోలు తీసుకుంటాం. అదొక ఏర్పాటు, ఏడాదికొకసారి దానంతట అది జరిగిపోతుంది. మళ్ళీ ఉగాది దాకా నిశ్చింత. నేను ఆ ఉత్సవాలకి వ్యతిరేకిని కాను, కమిటీలో నేనూ ఉన్నాను. కాని ఇంట్లో మనవలు ఏ భాషలో అన్నం అడుగుతున్నారో, నాయనమ్మ పాట ఎవరికన్నా నోటికి వచ్చునో చూసుకోకుండా ‘సభ ఉందిగా, అది చూసుకుంటుంది’ అనుకుంటే, అది నేను యాంటీవైరస్ గురించి చెప్పుకున్న గొప్ప లాంటిదే అవుతుందేమో. చివరిసారి చూసిన తేదీ ఏదని మనలో ఎవరినన్నా అడిగితే చెప్పగలమా?

పోయిన నలభై ఒక్క పాటల్లో ముప్పై మాస్టారు మళ్ళీ గుర్తు చేసుకుని రాయించారు. వారం వారం వెళ్ళి నేనే రాసుకున్నాను, కాగితం మీద, పెన్నుతో. ఒక్కొక్క చరణం కోసం కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చునేవారు. “వరస ఉంది బాబూ, మాట రావటం లేదు” అనేవారు. ఆయన నన్ను ఒక్కనాడూ దెప్పలేదు. నేనే ఒకరోజు ఉండబట్టలేక క్షమించమని అడిగాను. “మీరు వస్తున్నారుగా” అన్నారు. 2021లో ఆయన పోయారు. పదకొండు పాటలు రాయకుండానే మిగిలిపోయాయి.

ఆ పదకొండింటిలో రెండు తిరగలి పాటలనీ, ఒకటి గుడియాత్తం వైపు మేనత్తగారు పాడిన అప్పగింతల పాటనీ ఆయన చెప్పగా నా కాగితాల్లో గుర్తు రాసుకున్నాను. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకి అటువంటివి ఏవన్నా నోటికి వస్తే, దయచేసి పత్రికకి రాసి పంపండి. పంపే ముందు ఇంకో కాగితం మీద మీ దగ్గర కూడా ఒకటి ఉంచుకోండి.